అద్దె మోటార్‌హోమ్‌లో సియాటిల్ నుంచి బాన్ఫ్‌కు: బండి బీమా, అమ్మానాన్నల ఆరోగ్య బీమా కెనడాలో చెల్లుతాయా?

ప్రశ్న: బోథెల్ నివాసి

సభ్యులందరికీ నమస్కారం. మేము సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటున్నాము. జూలైలో ఇక్కడే ఒక మోటార్‌హోమ్ (పడకలు, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకొని, సూమస్ దగ్గర సరిహద్దు దాటి, హోప్, కామ్‌లూప్స్, రెవెల్‌స్టోక్ మీదుగా బాన్ఫ్‌కు, అక్కడి నుంచి జాస్పర్‌కు వెళ్లి రావాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, మా అబ్బాయి, విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు కలిసి ఐదుగురం. కెనడా వీసాలు అందరికీ చేతికి వచ్చాయి కాబట్టి వాటి గురించి అడగడం లేదు. నా సందేహాలన్నీ బీమా గురించే.

మా సొంత కారుకు వాషింగ్టన్ రాష్ట్రంలో తీసుకున్న పాలసీ ఉంది. లయబిలిటీ 100/300, కొలిజన్ (ఢీకొన్నప్పుడు బండికి కలిగే నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం వంటి ఇతర నష్టాలకు) కూడా ఉన్నాయి. మా ఏజెంటును అడిగితే "కెనడాలో మీ పాలసీ చెల్లుతుంది, నిశ్చింతగా వెళ్లిరండి" అన్నారు. బండి అద్దెకిచ్చే సంస్థవారేమో తమ రక్షణ ప్యాకేజీ తీసుకోకపోతే చిక్కుల్లో పడతారని చెబుతున్నారు. అద్దె బండ్లకు క్రెడిట్ కార్డులోనే బీమా ఉంటుంది కదా, ఇవన్నీ ఎందుకని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు. ముగ్గురి మాటల్లో దేన్ని నమ్మాలో తెలియడం లేదు.

ఇక ఆరోగ్య విషయం. నాన్నగారికి 67 ఏళ్లు. మధుమేహం ఉంది, కొన్నేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అమ్మకు రక్తపోటు మాత్ర తప్ప వేరే ఇబ్బంది లేదు. ఇద్దరికీ అమెరికాలో దిగిన రోజు నుంచి ఇక్కడి సంస్థ అమ్మే విజిటర్ పాలసీ తీసుకున్నాము. పాత జబ్బులకు "అక్యూట్ ఆన్‌సెట్" అయితే చెల్లిస్తామని అందులో ఉంది. అది కెనడాలో పనిచేస్తుందా, లేక ఆ రోజులకు వేరే పాలసీ కొనాలా? ఇలాంటి ప్రయాణం చేసినవారు, బీమా రంగంలో పనిచేసేవారు వివరంగా చెప్పగలిగితే కృతజ్ఞుడిని.

సమాధానం: డాలస్ క్లెయిముల గుమాస్తా

నేను వాహన బీమా క్లెయిములు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. మీ ఏజెంటు గారు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మీరు అడగవలసిన ప్రశ్నకు జవాబు కాదు. మీరు మీ కారులో కెనడా వెళ్తున్నారనుకొని ఆయన జవాబు చెప్పి ఉంటారు. అమెరికాలో సాధారణంగా వాడే వ్యక్తిగత వాహన పాలసీ చెల్లుబాటయ్యే ప్రాంతాల్లో కెనడా ఉంటుంది, మెక్సికో ఉండదు. అంతవరకు నిజమే. అయితే మీరు వెళ్తున్నది మీ కారులో కాదు, మీది కాని మోటార్‌హోమ్‌లో. అద్దె ఇంటి వివాదంలో సొంతింటి పన్ను రసీదు చూపిస్తే ఎంత ఉపయోగమో, ఆ బండి నష్టానికి మీ కారు పాలసీ చూపించినా దాదాపు అంతే ఉపయోగం.

ఎందుకో చెబుతాను. పాలసీలో లయబిలిటీ భాగం వేరు, బండి నష్టపరిహారం భాగం వేరు. మీ వల్ల ఎదుటివారికి కలిగే గాయాలకు, ఆస్తి నష్టానికి చెల్లించేది లయబిలిటీ. చాలా పాలసీలలో అది మీరు అనుమతితో నడిపే ఇతర వాహనాలకు కూడా వర్తిస్తుంది. నష్టపరిహారం భాగంలో మాత్రం "మీ సొంతం కాని వాహనం" అన్న పదానికి నిర్వచనం ఇరుకుగా ఉంటుంది. ప్రైవేటు కారు, పికప్, వ్యాన్, ట్రైలర్ అని రాసి ఊరుకుంటారు. మోటార్‌హోమ్ ఆ జాబితాలో కనిపించదు. అంటే మీరు వెనక్కి తిప్పుతూ బండిని చెట్టుకు కొడితే, ఆ చెట్టు యజమానికి మీ పాలసీ చెల్లించవచ్చు, బండి యజమానికి చెల్లించకపోవచ్చు. కాబట్టి ఏజెంటుకు మళ్లీ ఫోన్ చేయకండి, ఈమెయిల్ రాయండి. "నేను ఫలానా తేదీలలో ఫలానా పొడవున్న మోటార్‌హోమ్‌ను అద్దెకు తీసుకొని బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా రాష్ట్రాలలో నడుపుతాను; నా పాలసీలో లయబిలిటీ, కొలిజన్, పిప్ దీనికి వర్తిస్తాయా?" అని మూడింటినీ పేరుపేరునా అడగండి. పిప్ అంటే తప్పు ఎవరిదైనా మీ వైపు గాయపడినవారి వైద్య ఖర్చులు చెల్లించే భాగం. జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

క్రెడిట్ కార్డు సంగతి ఇంకా సులభం: చాలా కార్డుల నిబంధనలలో మోటార్‌హోమ్‌లను, వినోద వాహనాలను నేరుగా మినహాయిస్తారు. కార్డు వెంట వచ్చిన ప్రయోజనాల పుస్తకంలో మినహాయింపుల పేరా ఒక్కటి చదివితే చాలు. పైగా అది బండి నష్టానికే కానీ ఎదుటివారి గాయాలకు ఎన్నడూ కాదు.

ఇప్పుడు మొత్తాల విషయం. బ్రిటిష్ కొలంబియాలోనూ అల్బర్టాలోనూ చట్టం కోరే కనీస లయబిలిటీ 2,00,000 కెనడా డాలర్లు. మీ 100/300 అంటే ఒక మనిషికి 1,00,000, ఒక ప్రమాదానికి మొత్తం 3,00,000 అమెరికా డాలర్లు అని అర్థం. వేరే రాష్ట్రంలోనో కెనడా రాష్ట్రంలోనో ప్రమాదం జరిగితే అక్కడి చట్టం కోరే కనీస మొత్తానికి మీ పరిమితిని పెంచే షరతు చాలా పాలసీలలో ఉంటుంది, అందుచేత చట్టప్రకారం ఇబ్బంది రాదు. కానీ అది కనీసం మాత్రమే. అద్దె సంస్థ ఇచ్చే లయబిలిటీ కూడా తరచుగా రాష్ట్ర కనీసంతోనే ఆగిపోతుంది. వాషింగ్టన్‌లో ఆ కనీసం 25/50/10, అంటే ఒక మనిషి గాయాలకు 25,000, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ 50,000, ఆస్తి నష్టానికి 10,000 డాలర్లు. కారు కన్నా ఎన్నో రెట్లు బరువున్న బండిని కొండదారుల్లో నడిపే మనిషికి ఇది చాలదని నా అభిప్రాయం. అదనపు లయబిలిటీ కొనుక్కోగలిగితే కొనండి, అయితే అది అమెరికా వెలుపల కూడా వర్తిస్తుందో లేదో ముందుగా చూడండి. సరిహద్దు దగ్గరే ఆగిపోయే అదనపు ప్యాకేజీలు ఉన్నాయి.

ఇంకొకటి. కెనడా వెళ్లే అమెరికా వాహనాలకు బీమా సంస్థలు ఉచితంగా ఒక పసుపు కార్డు ఇస్తాయి. వాహనదారుకు అక్కడి కనీస బీమా ఉందని సంస్థ ఒప్పుకుంటున్నట్లు చూపే కాగితం అది. మీ బండికి ఆ కార్డు ఇవ్వవలసింది అద్దె సంస్థ. దానితో పాటు "ఈ వాహనాన్ని కెనడాకు తీసుకువెళ్లడానికి అనుమతిస్తున్నాము" అన్న లేఖ, మీ పేరు ఉన్న అద్దె ఒప్పందం బండిలో ఉంచండి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో ఉండాలి. మీ భార్య గారి పేరు లేకుండా ఆవిడ స్టీరింగ్ పట్టుకున్న సమయంలో ఏదైనా జరిగితే, మీరు కొన్న ప్యాకేజీ ఎంత పెద్దదైనా అక్కరకు రాకపోవచ్చు.

సమాధానం: టకోమా తండ్రి

మేము సొంత బండిలో వ్యాంకూవర్ వైపు తరచుగా వెళ్తుంటాము. సరిహద్దు అధికారి పాస్‌పోర్టులు చూసి, ఎక్కడికి వెళ్తున్నారు, తినే పదార్థాలు ఏమున్నాయి అని అడుగుతారే కానీ బీమా కాగితాలు అడిగిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఇంత కంగారు అవసరమా అన్నది నా సందేహం. అద్దె సంస్థల ప్యాకేజీలు లాభం కోసమే పుట్టాయని అందరికీ తెలుసు.

సమాధానం: డాలస్ క్లెయిముల గుమాస్తా

టకోమా తండ్రి గారూ, మీ అనుభవాన్ని కాదనడం లేదు. సరిహద్దు దగ్గర అడగరు, ప్రమాదం జరిగిన చోట పోలీసులు అడుగుతారు. మీది సొంత బండి కాబట్టి దాని బీమా దానితోనే ప్రయాణిస్తుంది. బోథెల్ వారిది అద్దె బండి.

ప్యాకేజీలు లాభం కోసమే అన్నారు, ఒప్పుకుంటాను. అందుకే కొనే ముందు అందులో ఏది లేదో చదవాలి. మోటార్‌హోమ్ ప్యాకేజీలలో సాధారణంగా మినహాయించేవి బండి పైకప్పుకు, అడుగు భాగానికి, పక్కన చాపే గుడారానికి కలిగే నష్టాలు. క్లాస్ సీ (వ్యాన్ చట్రం మీద కట్టిన మధ్యరకం మోటార్‌హోమ్) బండి ఎత్తు పదకొండు, పన్నెండు అడుగుల దాకా ఉంటుంది. కారు అలవాటుతో పెట్రోలు బంకు కప్పు కిందకో, కాఫీ దుకాణం కిటికీ దారిలోకో పోనిస్తే పైనున్న ఏసీ పెట్టె ఊడిపోతుంది, ఆ ఖర్చు పూర్తిగా మీదే. తారు లేని రోడ్ల మీద నడపడాన్ని కూడా చాలా ఒప్పందాలు నిషేధిస్తాయి. బండి తీసుకునేటప్పుడు నిచ్చెన ఎక్కి పైకప్పును వీడియో తీసుకోండి. గుడారాన్ని పూర్తిగా చాపించి, గుడ్డ అంచుల్లో చిరుగులు ఉన్నాయేమో చూసి, ఉంటే ఒప్పందం మీదే రాయించండి. ఎత్తును ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించుకోండి.

గాయాల గురించి మరొక మాట. బ్రిటిష్ కొలంబియాలో 2021 మే 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. తప్పు ఎవరిదైనా గాయపడినవారికి ప్రభుత్వ బీమా సంస్థ ఐసీబీసీ సదుపాయాలు ఇస్తుంది, అందుకు బదులుగా ఎదుటి డ్రైవరు మీద దావా వేసే హక్కును చాలావరకు తీసేశారు. అయితే ఆ సదుపాయాలు స్థానికులకు అందినట్లు బయటి బండిలో వచ్చిన సందర్శకులకు అన్ని సందర్భాల్లోనూ అందవు. తప్పు అవతలివారిదైతే వారి నుంచి రాబట్టుకుందాము అన్న అమెరికా ధీమా అక్కడ పనిచేయదని దీని అర్థం. అందుకే మీ పాలసీలోని పిప్ గురించి అడగమన్నాను. వాషింగ్టన్‌లో బీమా సంస్థ దానిని తప్పనిసరిగా ఇవ్వజూపాలి, మీరు రాసిచ్చి వద్దంటేనే తీసేయాలి. వైద్య ఖర్చులకు కనీసం 10,000 డాలర్లు ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని ఎప్పుడైనా వద్దని సంతకం పెట్టారేమో చూసుకోండి.

సమాధానం: కాల్గరీ తెలుగు

నేను కాల్గరీలో ఒక క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తాను, కాబట్టి ఆరోగ్యం భాగం గురించి రాస్తాను. కెనడాలో వైద్యం ఉచితమన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. అది ఇక్కడి రాష్ట్రాల ఆరోగ్య కార్డు ఉన్నవారికి మాత్రమే. సందర్శకులకు ఆసుపత్రి బిల్లు వేరు, వైద్యుడి బిల్లు వేరు, రెండూ బయటివారి రేటులోనే వస్తాయి. అల్బర్టాలో అంబులెన్సుకు స్థానికులకు కూడా బిల్లు వస్తుంది, బయటివారికి దాని మీద అదనపు రుసుము కూడా ఉంటుంది.

మీరు వెళ్లే దారిని ఈ దృష్టితో చూడండి. బాన్ఫ్‌లో మినరల్ స్ప్రింగ్స్ అనే ఆసుపత్రి ఉంది, జాస్పర్‌లోనూ చిన్న ఆసుపత్రి ఉంది. ఎముక విరిగినా, జ్వరం వచ్చినా అవి సరిపోతాయి. గుండెకు సంబంధించినదైతే బాన్ఫ్ నుంచి కాల్గరీలోని ఫుట్‌హిల్స్ ఆసుపత్రికి తరలించే అవకాశమే ఎక్కువ. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు సుమారు 230 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వేలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, అక్కడి నుంచి హెలికాప్టర్ పిలవవలసి రావచ్చు. అందుచేత మీరు చూడవలసిన మొదటి అంకె పాలసీ మొత్తం కాదు, అత్యవసర తరలింపు కింద రాసిన మొత్తం. చాలామంది దాన్ని స్వదేశానికి తీసుకువెళ్లే ఖర్చు అనుకొని వదిలేస్తారు.

ఇక మీ విజిటర్ పాలసీ. అమెరికాలో అమ్మే పాలసీలన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్ని అమెరికాకే పరిమితం. కొన్ని, ప్రయాణం అమెరికాలో మొదలై తిరిగి అక్కడికే చేరేటట్లయితే కెనడా, మెక్సికోలలోనూ చెల్లుతాయి. ఆ రోజులకు ఒక హద్దు కూడా పెట్టవచ్చు. ఒకవేళ భారతదేశంలో బయలుదేరే ముందు "అమెరికా, కెనడా సహా ప్రపంచమంతా" అన్న వర్గంలో పాలసీ తీసుకొని ఉంటే కెనడా అందులో వచ్చేసినట్లే. మీది అది కాదు కాబట్టి సంస్థను అడిగి తెలుసుకోవలసిందే.

"అక్యూట్ ఆన్‌సెట్" అంటే ఏమిటో కూడా నాన్నగారి దృష్ట్యా స్పష్టంగా అర్థం చేసుకోండి. పాత జబ్బు ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా తిరగబెట్టి, వెంటనే, చాలా పాలసీలలో 24 గంటల లోపల, చికిత్స తీసుకుంటేనే అది వర్తిస్తుంది. రెండు రోజులుగా ఛాతీలో బరువుగా ఉంది, ప్రయాణం పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు అంటే క్లెయిమ్ నిలవదు. మన పెద్దవాళ్లు సరిగ్గా అలాగే చేస్తారు. దయచేసి ఈ విషయం నాన్నగారికి ముందే కూర్చోబెట్టి చెప్పండి.

కెనడా సంస్థలు రోజుల లెక్కన "విజిటర్స్ టు కెనడా" పాలసీలు అమ్ముతాయి; సూపర్ వీసా (కెనడాలో స్థిరపడిన పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండనిచ్చే వీసా) మీద వచ్చే తల్లిదండ్రులకు కనీసం 1,00,000 డాలర్లకు ఏడాది పాటు తీసుకోవలసిన పాలసీలను కూడా ఎక్కువగా ఈ సంస్థలే అమ్ముతున్నాయి. వీటిలో పాత జబ్బుల లెక్క వేరు. జబ్బు "నిలకడగా" ఉంటే చెల్లిస్తారు. నిలకడ అంటే పాలసీ మొదలయ్యే ముందు 90 రోజులో, 120 రోజులో, 180 రోజులో కొత్త లక్షణాలు, కొత్త పరీక్షలు, కొత్త మందులు, మోతాదు మార్పులు లేకపోవడం. సరిహద్దు దాటాక కొంటే అనారోగ్యానికి రెండు మూడు రోజుల నిరీక్షణ గడువు పెట్టేవి ఉన్నాయి, కాబట్టి కొనదలిస్తే ఇంట్లోనే కొని బయలుదేరండి.

చివరగా బండి గురించి ఒక స్థానికుడి మాట: చలికాలంలో చల్లిన కంకర వల్ల అల్బర్టా రోడ్ల మీద ముందు అద్దానికి రాళ్లు తగలడం ఇక్కడ నిత్యం చూసేదే. మీ ప్యాకేజీలో అద్దానికి వేరే డిడక్టిబుల్ (బీమా చెల్లించే ముందు మీరే భరించవలసిన మొత్తం) ఉందేమో చూడండి.

సమాధానం: శాన్ డియేగో సుబ్బారాయుడు

బోథెల్ వారికి సంబంధం లేకపోయినా, ఇది చదివి కాలిఫోర్నియా నుంచి దక్షిణంగా బయలుదేరేవారి కోసం రాస్తున్నాను. పైన రాసినవి ఏవీ మెక్సికోకు వర్తిస్తాయని అనుకోకండి. అక్కడ అమెరికా లయబిలిటీ చెల్లదు. మెక్సికో సంస్థ జారీ చేసిన పాలసీ ఉండాలి, అది ఇంటర్నెట్‌లో రోజుల లెక్కన దొరుకుతుంది. గాయాలైన ప్రమాదంలో బాధ్యత తేలేవరకు, పరిహారం చెల్లించగలరని రుజువయ్యేవరకు డ్రైవరును నిర్బంధించే అవకాశం ఉంది కనుక న్యాయవాది ఖర్చు, జామీను కలిసి ఉన్న పాలసీనే తీసుకోండి. కాలిఫోర్నియాకు దక్షిణంగా ఉన్న బాహా ద్వీపకల్పంలోని ఎన్సెనాడా వంటి ప్రాంతాలకు వాహన దిగుమతి పర్మిట్ అక్కర్లేదు. ప్రధాన భూభాగం లోపలికి వెళ్తే కావాలి. అద్దె మోటార్‌హోమ్‌ను మెక్సికోకు తీసుకువెళ్లనిచ్చే సంస్థ నాకైతే కనబడలేదు, మేము సొంతదానిలోనే వెళ్తాము.

ప్రశ్నకర్త: బోథెల్ నివాసి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే మూడు చోట్లకూ ఈమెయిళ్లు రాశాను. కారు బీమావారు లయబిలిటీ వర్తిస్తుందని, మోటార్‌హోమ్ నష్టం వర్తించదని రాతపూర్వకంగా తెలియజేశారు. పిప్ మా పాలసీలో ఉంది, ఈ బండికి వర్తిస్తుందా అన్నది ఇంకా తేల్చి చెప్పలేదు. అద్దె సంస్థ కెనడాకు అనుమతి లేఖ, పసుపు కార్డు ఇస్తామన్నది. నష్టం ప్యాకేజీ అక్కడా చెల్లుతుంది, వాళ్ల అదనపు లయబిలిటీ మాత్రం అమెరికాలోనే అన్నారు. విజిటర్ పాలసీ సంస్థ, ప్రయాణం అమెరికా నుంచి మొదలై ఇక్కడికే తిరిగి వస్తే కెనడాలో అదే మొత్తానికి చెల్లుతుందని రాసింది.

కాల్గరీ తెలుగు గారికి ఒక ప్రశ్న. రెండు వారాల క్రితం నాన్నగారి మధుమేహం మందు మోతాదును మా ఇంటి దగ్గర వైద్యురాలు పెంచారు. అలాంటప్పుడు కెనడా పాలసీ కొనడం వల్ల ప్రయోజనం ఉందా?

సమాధానం: కాల్గరీ తెలుగు

మధుమేహం వరకు ప్రయోజనం ఉండదు. మోతాదు పెంచినా తగ్గించినా నిలకడ లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది, కాబట్టి జూలైకి ఆ గడువు పూర్తి కాదు. కొన్ని పాలసీలు మధుమేహాన్ని, గుండె జబ్బును విడివిడిగా చూస్తాయి, మరికొన్ని ఒకదానితో ఒకటి ముడిపెడతాయి. స్టెంట్ పాతదే అయినా ఈ మార్పు దాన్ని కూడా దెబ్బతీస్తుందా అని సంస్థను అడగకుండా నమ్మకంగా చెప్పలేము. దరఖాస్తులో మోతాదు మార్పును దాచవద్దు. క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్లు మొదట తెప్పించేది మందుల చీటీలే.

నేనైతే మీ ఇప్పటి పాలసీ కెనడాలో చెల్లుతుందని రాసిన ఈమెయిల్‌ను ప్రింట్ తీసుకొని, దానితోనే వెళ్తాను. రెండు పాలసీలు ఉంటే ముందు ఎవరు చెల్లించాలన్న వాదనలో బిల్లు మీ కార్డు మీదే నెలల తరబడి కూర్చుంటుంది. డబ్బు మిగిలితే అత్యవసర తరలింపు మొత్తాన్ని పెంచుకోవడానికి వీలుందేమో అడగండి.

ఆసుపత్రిలో చేరవలసి వస్తే, ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కానంతవరకు, చేరే ముందే పాలసీ కార్డు వెనక ఉన్న సహాయ నంబరుకు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోండి. ముందస్తు సమాచారం లేకపోతే చెల్లింపు తగ్గించే షరతులు ఉంటాయి. అమెరికా విజిటర్ పాలసీలతో ఇక్కడి ఆసుపత్రులకు నేరుగా లావాదేవీ ఉండడం అరుదు, అందుచేత మొదట మీరే చెల్లించి తరువాత క్లెయిమ్ చేయవలసి రావచ్చు, తగినంత పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు వెంట ఉండాలి. బయటికి వచ్చే ముందు మొత్తం ఒక్క అంకెగా ఉన్న బిల్లు కాకుండా ఏ సేవకు ఎంత అని విడగొట్టిన బిల్లు, వైద్యుడి నోట్సు, చెల్లించిన రసీదు అడిగి తీసుకోండి. తరువాత బోథెల్ నుంచి ఫోన్ చేసి తెప్పించుకోవడం ఎంత కష్టమో ఆ ఫోన్లు ఎత్తే మాకు తెలుసు. నాన్నగారి మందులు సరిపోను కన్నా కొన్ని రోజులకు ఎక్కువగా, అసలు సీసాలలోనే తీసుకురండి. ఇన్సులిన్ ఉంటే జనరేటర్ ఆపినప్పుడు కూడా బండి ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడుస్తుందో లేదో బండి తీసుకునే రోజే పరీక్షించి చూడండి.